మీ దగ్గరున్న సగం మాకివ్వండి: నాన్న పాత సైనిక మిత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం.

నాన్న పోయి రెండు నెలలు దాటింది. మీరు పంపిన కవరు అందింది. సంఘం భవనంలో పెట్టబోయే స్మారక ఫలకం నమూనా, సంస్మరణ సభలో చదవబోయే ప్రసంగపాఠం అందులో ఉన్నాయి. పైన ఎవరో పెన్సిలుతో “తప్పులుంటే దిద్దమ్మా” అని రాశారు. కూర్చుని చదివాను. తప్పులు లేవు. మిలిటరీలో చేరిన రోజు, బయటికి వచ్చిన రోజు, పతకాల వివరాలు, అన్నీ నాన్న డిశ్చార్జి పుస్తకంతో సరిచూశాను. ఒక్క అంకె కూడా తేడా రాలేదు. అయినా ఆ కాగితాలను అలాగే తిప్పి పంపడానికి మనసు రాలేదు.

ప్రసంగం రెండు పేజీలు. నాన్న మిలిటరీలో ఉన్నది పదిహేడేళ్లు. వచ్చాక ఇంట్లో బతికింది నలభై రెండేళ్లు. పదిహేడేళ్లకు పేజీలు నిండిపోయాయి, నలభై రెండేళ్లకు చివరన ఒక్క వాక్యం దక్కింది: “అనంతరం కుటుంబ సభ్యులతో ప్రశాంత జీవనం గడిపారు.” ఆ “ప్రశాంత” అనే మాట దగ్గర నా కలం ఆగింది. ఎవరు చెప్పారు మీకు ప్రశాంతమని?

కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కొంచెం కోపం ఉన్నమాట నిజమే, దాని సంగతి తరవాత చెబుతాను. ఇది మీకు పోస్టులో పంపి ఊరుకోవచ్చు. అందరూ చదివేలా రాయడానికి కారణం మీరే. చివరి రోజున మా ఇంటికి వచ్చిన పదకొండు మందిలో ఒక్కొక్కరి ఇంట్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్లకు కూడా నాలాగే సగం తండ్రి తెలిసి ఉంటాడు. నాన్న పేరు, పటాలం పేరు, ఆయన చూసిన యుద్ధం పేరు ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసు. ఇందులో ఇంకొకరి మరణం కూడా ఉంది, దాన్ని బయటపెట్టే హక్కు ఆ ఇంటివాళ్లది.

నాన్న డిశ్చార్జి పుస్తకం నా దగ్గరే ఉంది. ఎత్తు, రక్తం గ్రూపు, ఎడమ మోచేతి కింద గాయం మచ్చ, నేర్చుకున్న పనులు. చివరి పేజీలో నడవడి అనే గడిలో “ఆదర్శప్రాయం” అని ఒకే మాట. ఎవరో అధికారి రోజుకు ఎన్ని పుస్తకాల్లో ఆ మాట రాశాడో! నేను గ్రంథాలయంలో పనిచేస్తాను, కాగితాలంటే పిచ్చి. అందుకే చెబుతున్నాను, ఆ పుస్తకం అబద్ధం చెప్పదు. తను చూసినంత వరకే చెబుతుంది. మిగతాది నేను చెబుతాను.

ఆయన ఇంటికి వచ్చేసరికి నాకు ఆరేళ్లు, తమ్ముడికి నాలుగు. అప్పటిదాకా ఆయన మాకు సెలవు మీద వచ్చే చుట్టం. వచ్చిన రోజున పెట్టె తెరిస్తే నాఫ్తలీన్ వాసన, వెళ్లే రోజున అమ్మ మాట్లాడకపోవడం, ఇంతే గుర్తు. శాశ్వతంగా వచ్చిన మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు మమ్మల్ని లేపి వరసగా నిలబెట్టి పేర్లు పిలిచారు. తమ్ముడు నిలబడే నిద్రపోయాడు. ఇలా వారం గడిచింది. ఎనిమిదో రోజున అమ్మ వంటింటిలోంచే అంది: “ఉన్నది నలుగురం. ఒకరు తగ్గితే నాకే తెలుస్తుంది, లెక్క పిలవక్కర్లేదు.” నాన్న పగలబడి నవ్వారు. ఆ నవ్వు అప్పటిదాకా మేం వినలేదు. మర్నాటి నుంచి పేర్లు పిలవడం మానేశారు. గుమ్మం పక్క చెప్పులు మాత్రం చివరిదాకా ఒకే గీత మీద ఉండేవి. చుట్టాలొచ్చి వదిలిన చెప్పుల్ని కూడా, వాళ్లు లోపల కబుర్లలో ఉండగా, వెళ్లి సర్ది వచ్చేవారు.

ఒక గోదాములో సరుకు లెక్క చూసే పని దొరికింది. తన కంటే పదేళ్లు చిన్నవాడైన మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడటం ఆయనకు కష్టంగా ఉండేదని అమ్మ చాలా ఏళ్ల తరవాత చెప్పింది. మాకు తెలియనివ్వలేదు. నాకు తెలిసిన నాన్న బడి వదలడానికి పావుగంట ముందే గేటు దగ్గర నిలబడే మనిషి. వాన వచ్చినా, జ్వరం ఉన్నా. “అయిదు నిమిషాలు ముందు రానివాడు ఆలస్యంగా వచ్చినట్టే” అనేవారు. నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక వాళ్ల బడి దగ్గర కూడా అలాగే నిలబడ్డారు.

అమ్మకు జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్న నెలలో నా జడ ఆయనే వేశారు. లాగి, బిగించి, చివర ముడి వేస్తే సాయంత్రం అమ్మమ్మ కత్తెర తీసుకునే పరిస్థితి. అది గుడారం తాడుకు వేసే ముడి అట. మూడో వారానికి నేర్చుకున్నారు. పక్కింటావిడ దగ్గర కూర్చుని, ఒక చీపురు కట్టను మూడు పాయలు చేసుకుని సాధన చేశారు. తుపాకీ విప్పి కళ్లు మూసుకుని మళ్లీ బిగించగలిగిన చేతులు ఆడపిల్ల జడ దగ్గర మూడు వారాలు ఓడిపోయాయి. మీ ప్రసంగపాఠంలో ఆయన గురిచూసి కాల్చడంలో దిట్ట అని ఉంది. సంతోషం. దాని పక్కన జడ సంగతి కూడా పెడితే మనిషి కనిపిస్తాడు.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న సంగతి. మా ఇంట్లో ఒక నియమం ఉండేది: నిద్రపోతున్న నాన్నను ముట్టుకుని లేపకూడదు. కాళ్ల వైపు, రెండు అడుగుల దూరంలో నిలబడి పిలవాలి. తమ్ముడికి ఏడేళ్లప్పుడు, పీడకల వచ్చి, పరుగెత్తుకెళ్లి ఆయన ఛాతీ మీద పడ్డాడు. క్షణంలో నాన్న చెయ్యి వాడి గొంతు మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం మా ఇంట్లో లేదు. అమ్మ కాళ్ల దగ్గర నిలబడి ఆయన పేరు పెట్టి పిలిచింది. భర్తను పేరు పెట్టి పిలవడం ఆమె నోట నేను విన్నది ఆ ఒక్కసారే. చెయ్యి వదిలింది. వాడికి ఏమీ కాలేదు, మెడ మీద ఎర్రటి గుర్తులు రెండు రోజుల్లో పోయాయి. ఆ రాత్రి నుంచి నాన్న ముందుగదిలో నేల మీద ఒంటరిగా పడుకున్నారు. ఇరవై ఏళ్ల పైగా. ఇంటికొచ్చిన వాళ్లు “మిలిటరీ అలవాటు, మంచం సుఖం పడదు” అనేవారు. ఆయన అవునని తలూపేవారు.

దానికి పేరుందని మాకెవరికీ తెలియదు. పెద్దయ్యాక, గ్రంథాలయంలో ఒక సంపుటిలో చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు వచ్చిన వణుకు, మాట పడిపోవడం, నిద్రలో కేకలు, ఇలాంటి బాధల గురించి చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు 1915లో ‘లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ పేరుతో రాశాడు. ఇప్పుడు అందరూ వాడే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తరవాత మనసుకు మిగిలే గాయం) అనే పేరు అమెరికా మానసిక వైద్యుల సంఘం అధికారిక పుస్తకంలోకి ఎక్కింది 1980లో. ఒక గాయానికి స్థిరమైన పేరు పెట్టడానికి అరవై అయిదేళ్లు పట్టింది. అంతకాలమూ ఇళ్లలో అమ్మలు కాళ్ల వైపు నిలబడి పిలుస్తూనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున అత్యధిక పతకాలు పొందినవారిలో ఒకడైన ఆడీ మర్ఫీ, తరవాత సినిమా హీరో కూడా అయ్యాడు. నిండా గుళ్లున్న పిస్తోలు దిండు కింద పెట్టుకోకపోతే అతనికి నిద్ర పట్టేది కాదు. ఆ సంగతిని అతను దాచలేదు, తిరిగొచ్చిన సైనికుల మనసుకు చికిత్స కావాలని బహిరంగంగా అడిగాడు. అది చదివిన రోజు నాకు అతని పతకాల కంటే ఆ అడగడమే గొప్పగా అనిపించింది. మా నాన్న అడగలేదు. మేమూ అడగలేదు. మీలో ఎవరైనా ఆయన్ని అడిగారా?

కురుక్షేత్రం గెలిచాక ధర్మరాజు సింహాసనం వద్దు, అడవికి పోతానని మొండికేశాడు. చుట్టూ అందరూ కూర్చుని రోజుల తరబడి నచ్చజెప్పాల్సి వచ్చింది. మనకు ఆ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. గెలిచి వచ్చినవాడితో ఎవరో ఒకరు కూర్చోవాలని అంత పాత కథకే తెలిసింది. మా ఇంట్లో అలా కూర్చున్నది అమ్మ ఒక్కతే, అదీ ఏ మాటా లేకుండా.

నాన్నకు అరవై మూడేళ్లప్పుడు అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సు ఒక మాట చెప్పింది: రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే ఒత్తిడి పడినచోట రక్తం ఆడక పుండ్లు పడతాయి, పడితే మానవు. మేం భయపడ్డాం. నాన్న మొహంలో మాత్రం తెలిసిన మాట విన్నట్టుగా ఒక నెమ్మది కనిపించింది. “రెండు గంటలేగా” అన్నారు.

ఆ మాట వెనక ఏముందో మీకు విప్పి చెప్పక్కర్లేదు. సెంట్రీ డ్యూటీ: రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి, మళ్లీ రెండు గంటలు. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు. ముందుగది వదిలేసి, ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ అమ్మ గదిలోకి పక్క మార్చుకున్నారు, ఆమె మంచం పక్కన నేల మీదికి. అలారం పెట్టుకునేవారు, కానీ అది మోగే ముందే చెయ్యి వెళ్లి దాన్ని ఆపేది, అమ్మ నిద్ర చెడకూడదని. ఎడమ పక్కకు తిప్పడం, వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య మడిచిన దుప్పటి, మడమలు పరుపుకు తగలకుండా కింద మెత్త. ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. తేదీ, గంట, ఏ పక్క, చర్మం ఎలా ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే చేతిరాత, అదే క్రమం. అలాంటి పుస్తకాలు ఇరవై ఆరు. పదకొండేళ్లు.

నేనూ తమ్ముడూ వంతులు వేసుకుంటామన్నాం. వద్దన్నారు. మనిషిని పెడదామన్నాం. కొన్నాళ్లు పగటి పూట ఒకావిడ వచ్చింది, ఆమె తిప్పి వెళ్లాక ఆయన వెళ్లి దిండు సరిచేసేవారు. చివరికి ఆమే విసుగెత్తి మానేసింది. ఇదంతా ప్రేమే అని రాసి ఊరుకుంటే అబద్ధం అవుతుంది, మొండితనం కూడా ఉంది. మా చేతుల మీద నమ్మకం లేకపోవడమూ ఉంది. అది మమ్మల్ని నొప్పించింది. తమ్ముడు ఒకసారి అడిగేశాడు: “కాపలావాడికి కూడా బదులు మనిషి వస్తాడు కదా నాన్నా?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత “ఒకసారి రాలేదు” అన్నారు. అంతే. లేచి వెళ్లిపోయారు. ఆ మాటకు అర్థం మాకు తెలియలేదు, రెండు నెలల కిందటి దాకా.

అమ్మ వీపు మీద పదకొండేళ్లలో ఒక్క పుండు పడలేదు. చూడటానికొచ్చిన డాక్టరు నమ్మలేక నోటుబుక్కు తిరగేశాడు. “మీరు ఎక్కడ శిక్షణ తీసుకున్నారు?” అని అడిగాడు. నాన్న పటాలం పేరు చెప్పారు. డాక్టరుకు అర్థం కాలేదు, నవ్వాడు.

ఇప్పుడు నా కోపం సంగతి.

ప్రతి ఏడాదీ ఒక తేదీన నాన్న తిండి ముట్టేవారు కాదు. తెల్లవారుజామున లేచి, బూట్లకు పాలిష్ వేసి, అవి తొడుక్కుని, పెరట్లో గోడ వైపు తిరిగి కూర్చునేవారు. సాయంత్రం లేచేవారు. అడిగితే ఏదో ఉపవాసం అని అమ్మ చెప్పేది. ఆమెకు కూడా అంతకుమించి తెలియదని నా నమ్మకం. మా పెళ్లిరోజులు, పుట్టినరోజులు దానికి అటూ ఇటూ సర్దుకున్నాం. అంత్యక్రియల రోజున మీలో ఒకరు, చేతికర్రతో వచ్చిన పెద్దాయన, నా పక్కన కూర్చుని “వాడు బతికుంటే ఇద్దరం కలిసి నీకు చెప్పేవాళ్లమేమో” అన్నారు. ఎవరు అని అడిగాను. అప్పుడు ఆ తేదీ చెప్పారు. ఆ రాత్రి కాపలా మార్చడానికి రావలసిన మనిషి రాలేదని, వెతుక్కుంటూ నాన్న వెళ్లారని, తెల్లవారాక ఆయన్ని మీరే మోసుకొచ్చారని. “మిగతాది ఇంకోసారి” అన్నారు. ఇంకోసారి ఎప్పుడు బాబాయిగారూ? మీకు ఎనభై ఒకటి.

ఆ రోజు నాకు మీ మీద కృతజ్ఞత, కోపం ఒకేసారి కలిగాయి. నలభై రెండేళ్లు ఆయన వీపు చూస్తూ పెరిగాం. ఆ వీపుకు అవతల ఏముందో మీ పదకొండు మందికీ తెలుసు. పెళ్లిళ్లకు వచ్చారు, భోంచేశారు, జోకులు వేశారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. ఒక్కరి పెదవి కూడా దాటలేదు. అది స్నేహధర్మం అని మీరు అంటారు. అయి ఉండవచ్చు. కానీ “ఒకసారి రాలేదు” అన్న మాట అర్థమై ఉంటే, ఆ పదకొండేళ్లలో తమ్ముడు అలిగి మాట్లాడకుండా ఉన్న ఎనిమిది నెలలు మాకు మిగిలేవి.

నాన్న ఒక్కరే ఇలా ఉన్నారని అనుకోవడం లేదు. ఇంగ్లండులో హ్యారీ ప్యాచ్ అని ఒక ప్లంబరు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 సెప్టెంబరు 22న, పాషెండేల్ పోరులో ఒక గుండు పేలి అతని తుపాకీ జట్టులోని ముగ్గురు స్నేహితులు పోయారు, అతను గాయపడి బతికాడు. తరవాత ఎనభై ఏళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. యాభై ఏళ్ల పైగా కాపురం చేసిన మొదటి భార్యకు కూడా చెప్పకుండానే ఆమె పోయింది. వందేళ్లు నిండాక, 1998లో, అడగడానికి వచ్చినవాళ్లకు మొదటిసారి నోరు విప్పాడు. ఆ యుద్ధం ముగిసిన రోజని దేశమంతా నవంబరు 11న మౌనం పాటిస్తుంటే, అతనికి మాత్రం అసలు రోజు సెప్టెంబరు 22. 2009లో 111 ఏళ్ల వయసులో చనిపోయాడు. అతని గురించి చదివినప్పుడల్లా ఒకటే ఆలోచన: వందేళ్లు బతకబట్టి చెప్పగలిగాడు. నాన్న డెబ్బై ఏడుకే వెళ్లిపోయారు.

అందుకే ప్రసంగపాఠం దిద్దడం కాకుండా మీతో ఒక ఇచ్చిపుచ్చుకోలు చేయాలనుకుంటున్నాను. నా దగ్గరున్న సగం ఈ లేఖలో పెట్టేశాను. మీ దగ్గరున్న సగం నాకివ్వండి.

ప్రభుత్వ రికార్డుల్లో అంతా ఉంటుందిలే అని మీలో ఒకరు ఫోనులో అన్నారు. రికార్డుల సంగతి నన్నడగండి. 1973 జులై 12న అమెరికాలో, సెయింట్ లూయిస్ దగ్గరి రికార్డుల భవనంలో మంటలు లేచాయి. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల సైనికుల ఫైళ్లు పోయాయి. 1912 నుంచి 1960 దాకా సైన్యం నుంచి బయటికి వచ్చినవారి కాగితాల్లో అయిదింట నాలుగు వంతులు అవే. నకళ్లు లేవు, మైక్రోఫిల్ములు లేవు. తరవాత జీతం చీటీల వంటి చిన్న చిన్న కాగితాలు ఏరుకుని ఒక్కో మనిషి సర్వీసును తిరిగి కూర్చవలసి వచ్చింది. 1940లో లండన్ మీద బాంబులు పడినప్పుడు మొదటి యుద్ధపు సైనికుల రికార్డుల్లో సగానికి పైగా అలాగే కాలిపోయాయి. కాలకుండా మిగిలిన ఫైళ్లలో కూడా “కాపలా మార్చే మనిషి రాలేదు” అని ఉండదు. అది మీ తలల్లో ఉంది.

అమెరికా పార్లమెంటు 2000లో ఒక పథకం పెట్టింది. మాజీ సైనికులు చెప్పేది వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి ఆ దేశపు అతిపెద్ద గ్రంథాలయంలో భద్రపరుస్తారు. మనవడైనా, పక్కింటివాడైనా వెళ్లి రికార్డు చేయవచ్చు. కనీసం అరగంట ఉండాలి, ఉన్న పెద్ద షరతు అంతే. పెద్ద యంత్రాంగం అక్కర్లేని పని ఇది. ఫోను బల్ల మీద పెట్టి నొక్కితే చాలు. మీ సంఘం ఫలకానికి పెట్టే శ్రమలో పదో వంతు దీనికి పెడితే పదకొండు అరగంటలు మిగులుతాయి. చెప్పకూడదనుకున్నది చెప్పకండి. ఎవరి పేరు దాచాలో దాచండి. గట్టిగా అడుగుతున్నాను కానీ బలవంతపెట్టడం నా ఉద్దేశం కాదు. మౌనంగా ఉండే హక్కు నాన్నకు ఉండేది, మీకూ ఉంది.

సభ గురించి రెండు మాటలు. రైఫిళ్లతో గౌరవ వందనం ఏర్పాటు చేస్తున్నామని రాశారు. దయచేసి వద్దు. టపాసులు పేలే రాత్రి నాన్న కిటికీలు మూసి, రేడియో పెద్దగా పెట్టుకుని, దానికి ఆనుకుని కూర్చునేవారు. బతికినన్నాళ్లూ ఆ చప్పుడు నుంచి తలదాచుకున్న మనిషికి ఆ చప్పుడుతోనే వీడ్కోలు చెప్పడం నాకు నచ్చలేదు. మర్యాద తగ్గుతుందని సంకోచించకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన చివరి ఫ్రెంచి సైనికుడు లజార్ పొంటిచెల్లీ ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు వద్దన్నాడు. తన ముందు పోయినవాళ్లకు దక్కనిది తనకెందుకన్నాడు. చివరికి, చనిపోయిన తోటి సైనికులందరికీ కలిపి చేస్తేనే, అదీ ఆర్భాటం లేకుండా, అని ఒప్పుకున్నాడు. 2008లో అలాగే జరిగింది. బ్యూగిల్ ఊదండి, అది ఆయనకు ఇష్టం. ఊదేవాడికి శ్రుతి తప్పితే మాత్రం నాన్న ఊరుకోరు.

ఇక ఫలకం. మీరు రాసింది ఒక్క అక్షరం తీయకండి. కింద కొంచెం చోటు మాకు వదలండి. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటన్ తన సైనికుల సమాధులకు రాళ్లు పెట్టినప్పుడు, అధికారి అయినా జవాను అయినా ఒకే ఆకారపు రాయి అని నిర్ణయించింది. పైన పేరు, పటాలం, తేదీ. రాయి అడుగున మాత్రం ఇంటివాళ్లు కోరిన మాట చెక్కడానికి 66 అక్షరాల చోటు ఇచ్చారు, ఖాళీలతో కలిపి. ఆ 66లో ఏం పెట్టాలో తెలియక ఎంతమంది తల్లులు ఎన్ని రాత్రులు కాగితాలు చించి ఉంటారో. నేనూ చించాను. “ప్రేమమూర్తి” అని రాసి కొట్టేశాను, ఆయన వింటే మొహం చిట్లించేవారు. “ఆదర్శప్రాయుడు” అని రాసి కొట్టేశాను, అది ఇప్పటికే ఒక గడిలో ఉంది. చివరికి తమ్ముడు చెప్పింది నిలిచింది:

“పదకొండేళ్లు భార్య పక్కన కాపలా ఉన్నారు. బదులుకు మరొకరిని అడగలేదు.”

ఖాళీలు, చుక్కలు కలిపి 39 అక్షరాలు వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

ప్రసంగపాఠంలో ఆ “ప్రశాంత” అనే మాటను మాత్రం కొట్టేసి పంపుతున్నాను. దాని బదులు ఏం రాయాలో మీకే వదిలేస్తున్నాను. అమ్మ పోయాక నాన్న మూడేళ్లు బతికారు. ఆ మూడేళ్లూ రాత్రి రెండింటికి లేచి కూర్చునేవారు. తిప్పడానికి ఎవరూ లేరు. కాసేపు మంచం దుప్పటి సరిచేసి మళ్లీ పడుకునేవారు. నోటుబుక్కులో రాయడం కూడా ఆపలేదు, తేదీ, గంట రాసి, పక్కన ఒక చిన్న గీత. ఇరవై ఏడో పుస్తకం సగంలో ఆగింది.

ఆ తేదీ వచ్చే నెలలోనే ఉంది. మీలో రాగలిగినవాళ్లు ఉదయమే రండి. చేతికర్ర బాబాయిగారిని తీసుకురావడానికి తమ్ముడు కారు పంపిస్తానన్నాడు. పెరట్లో గోడ వైపు ఆయన కుర్చీ అలాగే ఉంది, పక్కన ఇంకో పదకొండు వేయిస్తాం. బూట్లు ఆయన పెట్టినచోటే ఉన్నాయి. పాలిష్ వేయడం నాకు సరిగ్గా రాదు. మీలో ఎవరైనా కాస్త ముందుగా వస్తే నేర్పండి.

మీ స్నేహితుడి కూతురు